గుండుసూది కంటి దాకా వచ్చింది

1884. వియన్నా జనరల్ ఆసుపత్రి. బల్ల మీద పడుకున్న మనిషి రెప్పలు విడదీసి పట్టుకున్నారు మీరు. ఆయన మెలకువగానే ఉన్నాడు. కత్తి వస్తున్నది తన కంటి మీదికే, దాన్ని ఆ కంటితోనే చూస్తున్నాడు. కత్తి మొన తగలగానే గుడ్డు గిర్రున పైకి తిరుగుతుంది. భుజాలు అదిమిపట్టిన వాళ్లను కూడా విదిలించుకుని లేవబోతాడు. ఒక్క పిసరు అటూ ఇటూ అయితే ఆ కన్ను పోయినట్టే.

మత్తు ఇవ్వొచ్చుగా? ఈథర్ వచ్చి నలభై ఏళ్లు కావస్తోంది కదా? కానీ మత్తు దిగేటప్పుడు వాంతులవుతాయి. కంట్లో కోతకు కుట్లు వేసే పద్ధతి ఇంకా కుదురుకోలేదు. డోకు వచ్చిన ఊపుకు కోత విచ్చుకుంటుంది, లోపలిది బయటికి వస్తుంది. పైగా ‘కిందికి చూడండి’ అంటే చూడగలిగే రోగి కావాలి డాక్టరుకు. అందుకే ఈ నరకం.

మీ పేరు కార్ల్ కోలర్. 26 ఏళ్లు. బొహీమియాలోని ఒక చిన్న ఊళ్లో పుట్టిన యూదు కుర్రాడు, జూనియర్ డాక్టరు. కంటి విభాగంలో సహాయకుడి ఉద్యోగం మీద ఆశ. కంటిని మొద్దుబార్చే మందు కోసం క్లోరల్ చూశారు, బ్రోమైడ్ చూశారు, మార్ఫిన్ జంతువుల కళ్లలో వేసి చూశారు. ఏదీ పనిచేయలేదు.

ఇప్పుడు మీ చేతికి ఇంకో పొడి వచ్చింది. ఇదే ఆసుపత్రిలో పనిచేసే మీ స్నేహితుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ ఈమధ్య దాని వెంటపడ్డాడు. దక్షిణ అమెరికా కోకా ఆకుల నుంచి తీసిన కొకైన్. అలసట పోగొడుతుందా, కండకు బలమిస్తుందా అన్నది ఆయన గొడవ. ప్రస్తుతం ఊళ్లో లేడు, పెళ్లాడబోయే అమ్మాయిని చూడటానికి ఉత్తరాన హాంబర్గ్ వైపు వెళ్లాడు.

చాకు మొన మీద చిటికెడు పొడి తీసుకుని మీరూ, తోటి డాక్టరూ నాలుక మీద వేసుకుంటారు. నాలుక మొద్దుబారుతోందే అంటాడాయన. అవును, తిన్న ప్రతివాళ్లూ అదే మాట అంటారు, అంటారు మీరు.

అని ఆగిపోతారు.

తిన్న ప్రతివాళ్లకూ తెలుసు. ఒక్కరికీ కన్ను గుర్తు రాలేదు. ఇన్నాళ్లు వెతుకుతున్న మందు మీ జేబులోనే ఉంది!

ఇంక నిలవలేరు. నేరుగా ప్రొఫెసర్ స్ట్రికర్ ల్యాబుకు నడుస్తారు. సహాయకుడు గార్ట్‌నర్ ఉన్నాడు. చిన్న సీసాలో తెల్లటి పొడి. కాస్త తీసి డిస్టిల్డ్ వాటర్‌లో కలిపారు. గాజు తొట్టిలోంచి కప్పను పట్టుకున్నారు. ఉబ్బిన కంటి మీద ఒక చుక్క. కొన్ని సెకన్లకోసారి సూదితో తాకి చూస్తున్నారు. రెప్ప కొట్టుకుంటోంది. మళ్లీ తాకారు, కొట్టుకుంది. నిమిషం గడిచింది. తాకారు.

కప్ప కదల్లేదు.

గీరారు. అయినా కదల్లేదు. మందు వేయని కన్ను తాకితే మాత్రం ఎగిరి పడింది. కుందేలు మీద చూశారు, కుక్క మీద చూశారు. అదే ఫలితం.

కప్ప చెప్పలేదు, కుక్క చెప్పలేదు. నొప్పి లేదన్న మాట మనిషే చెప్పాలి. ఎవరి కన్ను? వార్డులో పేదరోగి ఒకడు దొరక్కపోడు. ఆ కాలంలో అడిగేవాళ్లూ లేరు. మీరు గార్ట్‌నర్ వైపు చూస్తారు. ఆయన మీ వైపు చూస్తాడు.

ఒకరి రెప్ప ఒకరు ఎత్తుకుంటారు. చుక్కలు పడతాయి. బుగ్గ మీదికి కారతాయి. ఎదురుగా అద్దం పెట్టుకుంటారు. చేతిలో గుండుసూది. కన్ను పోతే? కళ్ల డాక్టరు కావాలన్న ఆశా పోతుంది.

సూది తిప్పి పట్టుకున్నారు. గుండు వైపు కంటికి. దగ్గరికి తెచ్చారు. ఇంకా దగ్గరికి. మసక. చెయ్యి వణుకుతోంది. రెప్ప మూసుకోమంటోంది. మూయలేదు.

తగిలింది.

ఏమీ లేదు.

నొక్కారు. అద్దంలో నల్లగుడ్డు మీద సొట్ట కనిపిస్తోంది. నొప్పి లేదు. తాకినట్టే లేదు. మీ నోటా గార్ట్‌నర్ నోటా దాదాపు ఒకేసారి అదే మాట వచ్చింది.

సెప్టెంబర్ 11న తొలి రోగి. చుక్కలు వేశారు, ఆగారు, కోశారు. ఆయన కదలకుండా పడుకున్నాడు.

నాలుగు రోజుల్లో హైడెల్‌బర్గ్‌లో కంటి డాక్టర్ల మహాసభ. లోకానికి చెప్పాల్సింది అక్కడే. వెళ్లడానికి మీ దగ్గర డబ్బుల్లేవు. ట్రియెస్ట్ నుంచి వచ్చిన డాక్టర్ బ్రెట్టావర్ చేతికి మీ కాగితం ఇచ్చి పంపారు. సెప్టెంబర్ 15న ఆయన చదివాడు, అక్కడే ఒక రోగి కంట్లో చుక్కలు వేసి చూపించారు. వారాల్లో కబురు అమెరికా చేరింది.

ఉద్యోగం ఇంక మీదే అనుకుంటున్నారా? 1885 జనవరి. ఒక రోగి వేలికి బిగించిన కట్టు వదులు చేయాలా వద్దా అని ఆసుపత్రిలో వాదన. అవతలి డాక్టరు మీ యూదు పుట్టుకను పందితో కలిపి తిట్టాడు. లాగి కొట్టారు. ఇద్దరూ సైన్యం రిజర్వులో అధికారులే. ద్వంద్వయుద్ధం తప్పదు. కత్తులు తీశారు. మూడుసార్లు తలపడ్డారు. అతని తలకు గాయం. భుజానికి గాయం. మీకు గీత పడలేదు.

ఆ ఉద్యోగం మీకు రాలేదు. వియన్నా వదిలి హాలండ్‌లోని ఉట్రెక్ట్ వెళ్లారు, 1888లో న్యూయార్క్ చేరి అక్కడే కళ్ల డాక్టరుగా స్థిరపడ్డారు. 1944లో కన్నుమూసేదాకా ఆ ఊరే. నోబెల్ కూడా రాలేదు. నన్నడిగితే వియన్నా చేజేతులా పోగొట్టుకున్నది మిమ్మల్నే.

కొకైన్ వ్యసనంగా పట్టుకుంటుందనీ, నల్లగుడ్డు పైపొరను పాడుచేస్తుందనీ తర్వాత తేలింది. దాని చోట వేరే మందులొచ్చాయి. పాఠకులారా, మీ ఇంట్లో పెద్దవాళ్లను శుక్లాల ఆపరేషన్‌కు తీసుకెళ్లినప్పుడు, ముందుగా నర్సు కంట్లో వేసే చుక్కలు ఏమిటో అడగండి. సాధారణంగా వాటిలో మొద్దుబార్చే మందు ఉంటుందని చెబుతుంది. మందు మారింది గానీ, పద్ధతి కోలర్‌దే.