రంగూను ధనము – హార్వర్డు పరిశోధనము

పరిశోధకునకు ధనసహాయ మెంత యవసరమో, ఫలితములను పండితులయెదుట నిలుపు వేదికయు నంత యవసరము. ఎల్లాప్రగడ సుబ్బారావు చరిత్రమే యిందుకు నిదర్శనము. ఆయన 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యవిద్య నభ్యసించెను. గోదావరి సీమనుండి రంగూను చేరి ధనమార్జించిన మల్లాడి సత్యలింగ నాయకర్ పేరిట కాకినాడలో ధర్మసంస్థ వెలసినది. ఆ సంస్థ చేసిన సహాయ వాగ్దానమును, మామగారు సమకూర్చిన ద్రవ్యమును ఆయనను హార్వర్డునకు చేర్చినవి.

అచ్చట ధనము చాలక, రాత్రులు ఆసుపత్రిలో సామాన్య సేవకుడుగా పనిచేయవలసివచ్చెను. అయినను సైరస్ ఫిస్కేతో గూడి, భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏ.టి.పి.ని 1929లోను ‘సైన్స్’ పత్రిక లోకమునకు తెలిపినది. 1930లో డాక్టరేటు లభించెను.

ప్రవాసాంధ్రుల దాతృత్వము సత్రములతో ఆగక, పరిశోధకుల వేతనములకును పత్రసమర్పణ సభలకును విస్తరించినచో, మఱియొక సుబ్బారావునకు దారి సుగమమగును.