ఐపాడ్ హార్డ్ డిస్కు మార్పిడి

ఐపాడ్ హార్డ్ డిస్కు మార్పిడి అనగా ఆపిల్ సంస్థ తయారుచేసిన పాత ఐపాడ్‌లలో చెడిపోయిన హార్డ్ డిస్కును తొలగించి, దాని స్థానంలో మరొక డిస్కును గానీ ఫ్లాష్ మెమరీ కార్డును గానీ అమర్చి, ఫార్మాట్ చేసి తిరిగి వాడుకలోకి తెచ్చే ప్రక్రియ. 2001 అక్టోబరు 23న ప్రకటించిన మొదటి ఐపాడ్‌లో తోషిబా తయారుచేసిన 1.8 అంగుళాల, 5 జీబీ డిస్కు ఉండేది. హార్డ్ డిస్కు గల చివరి నమూనా అయిన ఐపాడ్ క్లాసిక్ అమ్మకాలు 2014 సెప్టెంబరులో ఆగిపోయాయి. కాబట్టి ఇప్పుడు మిగిలి ఉన్న డిస్కులన్నీ పాతబడినవే.

డిస్కు చెడిపోయే లక్షణాలు

డిస్కు లోపల పళ్ళెం తిరుగుతూ ఉంటుంది. దానిపై అతి తక్కువ ఎత్తులో చదివే తల కదులుతుంది. పరికరం క్రిందపడినా, ఏళ్ళ తరబడి వాడినా ఈ భాగాలు దెబ్బతింటాయి. టిక్‌టిక్‌మని శబ్దం రావడం, పాట మధ్యలో ఆగి తరువాతి పాటకు దూకడం, తెరపై విచారంగా ఉన్న ఐపాడ్ బొమ్మ కనిపించడం సాధారణ లక్షణాలు. అయితే కేబుల్ వదులైనా ఇవే లక్షణాలు కనిపించవచ్చును గనుక, డిస్కు కొనే ముందు కేబుల్‌ను సరిచూడడం మంచిది.

పాటలను కాపాడుకోవడం

చాలామంది పాటలకు వేరే ప్రతి ఉండదు. ఐపాడ్‌లోని పాటలు ఐపాడ్_కంట్రోల్ అనే దాచిన ఫోల్డరులో, అర్థంలేని నాలుగక్షరాల పేర్లతో ఉంటాయి. పాట పేరు, గాయకుల పేరు ఫైలు లోపలి ట్యాగులలో ఉంటాయి కనుక, ఆ ఫోల్డరును మొత్తంగా కాపీ చేసుకుంటే వాటిని తిరిగి గుర్తించవచ్చును. డిస్కు కొన ఊపిరితో ఉన్నప్పుడు మొదట చేయవలసిన పని ఇదే. మాక్‌లో సిద్ధం చేసిన ఐపాడ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పద్ధతిలో ఉంటుంది. విండోస్ దానిని చదవలేక, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. దానికి అంగీకరిస్తే, చెడిపోని పాటలు కూడా పోతాయి.

డిస్కు రకాలు

నాలుగవ తరం వరకు వచ్చిన ఐపాడ్‌లలో 50 పిన్నుల కనెక్టరు గల డిస్కులు వాడారు. ఐదవ తరం (2005), ఐపాడ్ క్లాసిక్ (2007) లలో జిఫ్ అనే పలుచని రిబ్బన్ కనెక్టరు ఉంటుంది. ఐపాడ్ మినీలోని మైక్రోడ్రైవ్ స్థానంలో కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు నేరుగా సరిపోతుంది. మిగతా వాటిలో ఎస్‌డీ కార్డును అడాప్టరు ద్వారా అమర్చవచ్చును. కదిలే భాగాలు లేనందున బరువు, విద్యుత్ వినియోగం తగ్గుతాయి.

పెద్ద కార్డు కొన్నంత మాత్రాన లాభం ఉండదు. నాలుగవ తరం వరకు సాఫ్ట్‌వేర్ సెక్టార్లను 28 బిట్లతో లెక్కిస్తుంది. 512 బైట్ల సెక్టార్లతో ఇది దాదాపు 137 జీబీకి మించదు. ఐదవ తరం 30 జీబీ నమూనాలో 32 ఎంబీ మెమరీ మాత్రమే ఉన్నందున, పాటల జాబితా మరీ పెద్దదైతే పరికరం మొరాయిస్తుంది.

విప్పడం

వెనుక లోహపు మూత అంచుల వెంట కొక్కేలతో బిగించి ఉంటుంది. దానిని పలుచని ప్లాస్టిక్ పనిముట్టుతో నెమ్మదిగా వదులుచేయాలి. ఐదవ తరంలో బ్యాటరీ, హెడ్‌ఫోన్ రంధ్రం మూతకే అతికి ఉండి, సన్నని కేబుళ్ళతో బోర్డుకు కలిసి ఉంటాయి. మూతను ఒక్కసారిగా లాగితే అవి తెగుతాయి. జిఫ్ కనెక్టరులో రిబ్బన్‌ను పట్టి ఉంచే చిన్న రెప్పను ఎత్తిన తరువాతనే రిబ్బన్‌ను తీయాలి.

ఫార్మాట్

ఐపాడ్ నడిచే సాఫ్ట్‌వేర్ కూడా ఈ డిస్కులోనే, పాటలకంటే ముందున్న ఒక చిన్న విభాగంలో ఉంటుంది. బోర్డుపై ఉన్న చిప్ ఆ సాఫ్ట్‌వేర్‌ను వెదికి ప్రారంభించడానికి మాత్రమే చాలుతుంది. అందువలన కొత్త డిస్కును విండోస్‌లో మామూలుగా ఫార్మాట్ చేస్తే పాటల స్థలం ఏర్పడుతుంది గాని ఐపాడ్ మొదలుకాదు. రెండు విభాగాలనూ సృష్టించే "రీస్టోర్" ఆదేశాన్ని ఐట్యూన్స్ నుండి ఇవ్వాలి. మాక్‌లో 2019 నాటి కాటలీనా నుండి ఈ పనిని ఫైండర్ చేస్తుంది.

క్లిక్ వీల్ గల ఐపాడ్‌ను కంప్యూటరు గుర్తించకపోతే, మెనూ, మధ్య బొత్తాములను కలిపి నొక్కి పునఃప్రారంభించి, వెంటనే మధ్య బొత్తాముతో ప్లే బొత్తామును నొక్కి పట్టుకుంటే డిస్కు మోడ్ వస్తుంది. విండోస్‌లో రీస్టోర్ చేస్తే ఫ్యాట్32, మాక్‌లో చేస్తే హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పద్ధతి వస్తుంది. ఆపిల్ సాఫ్ట్‌వేర్‌కు బదులుగా రాక్‌బాక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను వాడదలచినవారికి ఫ్యాట్32 తప్పనిసరి.