గోవింద్‌పూర్‌లో ఇళ్ల రంగుల పని: రోజు కూలి నుంచి సొంత వ్యాపారం వరకు

జంషెడ్‌పూర్ శివార్లలో, టెల్కో కాలనీకి ఆనుకొని ఉన్న గోవింద్‌పూర్ ప్రధానంగా శ్రామికుల ఊరు. ఇక్కడి కుటుంబాల ఆదాయం వాహన కర్మాగారాలతోను, వాటికి విడిభాగాలు అందించే ఆదిత్యపూర్ పరిశ్రమలతోను ముడిపడి ఉంటుంది. వాహనాలకు గిరాకీ తగ్గిన నెలల్లో పనిదినాలు తగ్గుతాయి. ఆ దెబ్బ మొదట తగిలేది ఒప్పంద కార్మికులకే. అటువంటి రోజుల్లో చాలామంది చేతపట్టే పని ఇళ్లకు రంగులు వేయడం. పెట్టుబడి స్వల్పం, నేర్చుకునే కాలం తక్కువ. అయితే ఏళ్ల తరబడి కుంచె పట్టినవారిలో సొంత వ్యాపారంగా స్థిరపడేవారు కొద్దిమందే. సాధారణంగా లోటు కనిపించేది పనితనంలో కాదు. కొలతలో, లెక్కలో, కాగితాల్లో, కార్మికుల రక్షణలో.

గిరాకీ ఎక్కడ, ఎప్పుడు

ఉక్కు కర్మాగారం నిర్మాణం మొదలైన నాటి నుంచి జంషెడ్‌పూర్ వలస కుటుంబాల నగరం. ఉత్తర కోస్తా జిల్లాల నుంచి వచ్చిన తెలుగువారు తరతరాలుగా ఇక్కడ ఉన్నారు. బిష్టుపూర్‌లోని రామమందిరం, కదమాలోని ఆంధ్ర సంఘం వారి ఉనికికి ఆనవాళ్లు. బెంగాలీ, ఒడియా, భోజ్‌పురి, సంతాలీ మాట్లాడే కుటుంబాలూ పక్కపక్కనే నివసిస్తాయి. అందువల్ల రంగుల పనికి ఏడాదిలో ఒకటి కాదు, అనేక పండుగల గిరాకీ ఉంటుంది. దుర్గాపూజ, దీపావళి, ఛఠ్ పండుగలకు ముందు వారాలు అత్యంత రద్దీ కాలం. సంక్రాంతి, పెళ్లిళ్ల ముహూర్తాలు తరువాతి వరుసలో వస్తాయి. గోడను అలంకరించడం ఈ నేలకు కొత్త కాదు. సోహ్రాయ్ పండుగ వేళ సంతాల్ మహిళలు మట్టి రంగులతో ఇంటి గోడలు తీర్చిదిద్దుతారు. హజారీబాగ్ ప్రాంతపు సోహ్రాయ్-ఖోవర్ చిత్రకళకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానకాలం. బయటి గోడల పని దాదాపు ఆగిపోతుంది. ఈ నాలుగు నెలలకు సరిపడే నిల్వ ధనాన్ని రద్దీ కాలంలోనే పక్కన పెట్టుకోవడం ఈ వ్యాపారంలో మొదటి పాఠం. లోపలి గదులు, తలుపులు, కిటికీల ఊచలు, ఇనుప గేట్ల పనులను ఆ నెలలకు మళ్లించుకోవచ్చు.

కొలత తెలిస్తేనే ధర తెలుస్తుంది

చూపుతో అంచనా కట్టి ధర చెప్పడం నష్టానికి దగ్గరి దారి. ఒక ఉదాహరణ తీసుకుందాం. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదికి నాలుగు గోడల చుట్టుకొలత 44 అడుగులు. గోడల వైశాల్యం 440 చదరపు అడుగులు, పైకప్పు 120. మొత్తం 560. ఇందులో 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు ఉన్న తలుపుకు 21, నాలుగడుగుల చదరపు కిటికీకి 16 తీసివేస్తే 523 చదరపు అడుగులు మిగులుతాయి. రెండు పూతలకు లీటరు రంగు ఎన్ని చదరపు అడుగులకు వస్తుందో డబ్బా మీద ముద్రించి ఉంటుంది. అది 120 అనుకుంటే సుమారు 4.4 లీటర్లు కావాలి. నాలుగు లీటర్ల డబ్బా ఒకటి, లీటరు డబ్బా ఒకటి సరిపోతాయి. గరుకు గోడ, కొత్త గోడ రంగును ఎక్కువగా పీల్చుకుంటాయి కనుక కొంత అదనంగా లెక్కించాలి.

ధరలో నాలుగు భాగాలు ఉండాలి: సామగ్రి, కూలి, రవాణా మరియు పనిముట్ల అరుగుదల, లాభం. నలుగురు ఐదు రోజులు పనిచేస్తే 20 పనిదినాలు. రోజు కూలి 700 రూపాయలు అనుకుంటే 14,000. సామగ్రి 16,000, ఇతర ఖర్చులు 2,000 చేర్చితే 32,000. దీనిపై 15 శాతం లాభం 4,800 కలిపితే 36,800 రూపాయలు అవుతుంది. యజమాని తానూ కుంచె పట్టి పనిచేస్తే తన కూలిని ఆ 20 పనిదినాల్లోనే చేర్చుకోవాలి. తన కూలినే లాభమనుకోవడం ఈ రంగంలో తరచుగా జరిగే పొరపాటు. అటువంటి వ్యాపారం ఎన్నేళ్లయినా ఒక మనిషి సంపాదన దగ్గరే ఆగిపోతుంది.

గోడను చదవడం

రంగు పెచ్చులుగా ఊడిపోతే ఇంటి యజమాని నిందించేది రంగు వేసినవారినే. కారణం మాత్రం తరచుగా గోడలోని చెమ్మే. గొట్టం కారుతున్నా, పైకప్పు నుంచి నీరు దిగుతున్నా ముందు ఆ మరమ్మతు చేయించాలి. గోడపై తెల్లని ఉప్పు పొంగితే దాన్ని గీకి, పూర్తిగా ఆరనిచ్చిన తరువాతే పని మొదలుపెట్టాలి. కొత్త సిమెంటు పూత కనీసం నాలుగు వారాలు ఆరాలి. పాత పూత గీకడం, నెర్రెలు పూడ్చడం, లప్పం పెట్టడం, గరుకు కాగితంతో రుద్దడం, ప్రైమర్ వేయడం, ఆ తరువాత రెండు పూతలు - ఈ వరుసలో ఒక్క అంచె ఎగరగొట్టినా వాన వచ్చేసరికి ఆ లోపం బయటపడుతుంది. పని మొదలుపెట్టే ముందు గోడల స్థితిని ఫోటోలు తీసి యజమానికి చూపించడం ఇరువురికీ మేలు.

ఒప్పందం, చెల్లింపు

ఏ గది, ఏ రకం రంగు, ఎన్ని పూతలు, సామగ్రి ఎవరిది, ఎప్పటికి పూర్తి అనే ఐదు విషయాలు ఒక కాగితంపై రాసి ఇద్దరూ సంతకం చేయాలి. సామగ్రి కోసం 40 శాతం ముందుగా, ప్రైమర్ పూర్తయ్యాక 40 శాతం, పని అప్పగించాక 20 శాతం అనే విభజన ఇరుపక్షాలకూ సమంజసం. మధ్యలో పెంచిన పనికి ధరను అప్పుడే రాసుకోవాలి. చివరి రోజు వాదనలో చాలావరకు ఈ అదనపు పని గురించే.

కాగితాలు, పన్నులు

ఆధార్, పాన్ ఆధారంగా ఉద్యమ్ నమోదు చేసుకోవచ్చు. 2020 జూలై 1న ప్రారంభమైన ఈ ప్రభుత్వ నమోదు పూర్తిగా ఉచితం. రుసుము అడిగే వెబ్‌సైట్లను నమ్మరాదు. సేవల వార్షిక టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటితే ఝార్ఖండ్‌లో జీఎస్టీ నమోదు తప్పనిసరి. టర్నోవరు 50 లక్షల లోపు ఉన్న సేవాదారులు 6 శాతం పన్నుతో కాంపోజిషన్ విధానాన్ని ఎంచుకోవచ్చు. సంస్థలకు పని చేసినప్పుడు ఒక బిల్లు 30 వేలు దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా వ్యక్తిగత కాంట్రాక్టరుకు చెల్లించే సొమ్ములో 1 శాతం మూలంలోనే పన్నుగా మినహాయిస్తారు. రిటర్ను దాఖలు చేస్తే చెల్లించవలసిన పన్నులో దాన్ని సర్దుబాటు చేస్తారు. 2006 నాటి సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టం ఆలస్యపు చెల్లింపులకు గరిష్ఠంగా 45 రోజుల గడువు విధించింది. పని ఒప్పందాలకు అది వర్తించే తీరుపై న్యాయస్థానాల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నందున రాతపూర్వక ఒప్పందమే మొదటి రక్షణ.

పెట్టుబడి మార్గాలు

నిచ్చెనలు, రోలర్లు, కుంచెలు, పరదాలతో పని మొదలుపెట్టేవారికి ముద్రా పథకంలోని శిశు విభాగం కింద 50 వేల వరకు, కిశోర్ విభాగం కింద 5 లక్షల వరకు రుణం లభిస్తుంది. సాండర్ యంత్రాలు, స్ప్రే యంత్రం, ఇనుప పరంజా వంటివి కొనదలచినవారు ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకాన్ని పరిశీలించవచ్చు. 2025-26 వరకు కొనసాగించిన ఈ పథకంలో సేవా రంగ యూనిట్ల గరిష్ఠ వ్యయం 20 లక్షలు. సాధారణ వర్గానికి పట్టణంలో 15, గ్రామీణ ప్రాంతంలో 25 శాతం రాయితీ. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ తదితర వర్గాలకు 25, 35 శాతం. గోవింద్‌పూర్ జనగణనలో పట్టణంగా లెక్కకు వచ్చినా పంచాయతీల పాలనలో ఉన్న ప్రాంతం. అందువల్ల దరఖాస్తుకు ముందే తమ చిరునామా గ్రామీణమా, పట్టణమా అని జిల్లా పరిశ్రమల కేంద్రంలో నిర్ధారించుకోవాలి. ఈ ఒక్క విషయంలోనే పది శాతం తేడా ఉంది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ జాబితాలోని 18 వృత్తుల్లో తాపీ పని ఉంది కానీ ఇళ్ల రంగుల పని లేదు. ఆ పేరుతో డబ్బు అడిగే దళారుల విషయంలో జాగ్రత్త అవసరం.

ప్రాణం కన్నా పూత ముఖ్యం కాదు

ఈ వృత్తిలో పెద్ద ప్రమాదం ఎత్తు నుంచి పడిపోవడం. నిచ్చెన ఆనే ఎత్తు నాలుగడుగులైతే పాదం గోడకు ఒక అడుగు దూరంలో ఉండాలన్నది అంగీకృత సూత్రం. రెండో అంతస్తు దాటితే పరంజా, నడుముకు రక్షణ తాడు తప్పనిసరి. బయటి గోడల పని మొదలుపెట్టే ముందు విద్యుత్ తీగల దూరం చూసుకోవాలి.

రెండో ప్రమాదం కంటికి కనిపించదు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమలులో ఉంది. అంతకు ముందు వేసిన ఎనామెల్ పూతల్లో సీసం ఉండవచ్చు. వాటిని పొడిగా రుద్దితే లేచే ధూళి కార్మికుల ఊపిరితిత్తుల్లోకి, వారి బట్టల ద్వారా ఇంటి పసిపిల్లల దాకా చేరుతుంది. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం హానికరం. తడిపి రుద్దడం, ముఖానికి సరైన మాస్కు, ఇంటికి వెళ్లే ముందు బట్టలు మార్చుకోవడం - ఈ మూడింటికీ ఖర్చు తక్కువ.

రంగుల కార్మికులు నిర్మాణ కార్మికుల కిందికే వస్తారు. 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసు ఉండి, గడచిన 12 నెలల్లో 90 రోజులు పనిచేసినవారు రాష్ట్ర సంక్షేమ మండలిలో నమోదుకు అర్హులు. బ్యాంకు ఖాతా ఉన్నవారికి ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో ప్రధానమంత్రి సురక్షా బీమా 2 లక్షల ప్రమాద రక్షణ ఇస్తుంది. తన వద్ద పనిచేసే ప్రతి ఒక్కరికీ ఈ రెండూ చేయించడం వ్యాపారి కనీస బాధ్యత.

పెరగడం అంటే

ఇద్దరు కూలీలు పదిమంది కావడం మాత్రమే ఎదుగుదల కాదు. యజమాని ఎదుట లేకపోయినా పని అదే నాణ్యతతో సాగాలి. అందుకు నమ్మకమైన మేస్త్రీని తయారుచేసుకోవాలి, ప్రతి ఇంటి కొలతలు, రంగు సంకేత సంఖ్యలు పుస్తకంలో రాసి ఉంచాలి. మూడేళ్ల తరువాత అదే ఇంటి నుంచి పిలుపు వచ్చినప్పుడు ఆ పుస్తకమే పెట్టుబడి. ఒక వాన గడిచాక పాత ఇళ్లకు వెళ్లి గోడలు చూసి రావడానికి ఖర్చేమీ ఉండదు. కాలనీల్లో మాట త్వరగా పాకుతుంది. బాగా నిలిచిన ఒక గోడ పక్కింటి పనిని తెచ్చిపెడుతుంది. పెచ్చులూడిన గోడ ఆ వీధినే దూరం చేస్తుంది.