నెత్తురు చెప్పే సాక్ష్యం: ఎమ్మెస్ పరిశోధనపై ఒక సింహావలోకనం

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్) ఒక పట్టాన చిక్కే జబ్బు కాదు. ఒకరికి ఒక కంటి చూపు మసకబారుతుంది, ఇంకొకరికి కాళ్లు మొద్దుబారతాయి, మరొకరికి నడక తడబడుతుంది. కొన్ని వారాలకు సర్దుకుంటుంది, మళ్లీ ఎప్పుడో తిరగబెడుతుంది. నాడీ తంతువులను కప్పి ఉండే మైలీన్ తొడుగు మీద శరీరపు రక్షణ వ్యవస్థే దాడికి దిగడం లోపల జరిగే సంగతి. దాన్ని బయటినుంచి పసిగట్టేదెలా? ఎమ్మెస్ చరిత్రలో పెద్ద భాగం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. రక్తంలో ప్రవహించే మైక్రోఆర్‌ఎన్‌ఏలు ఆ వెతుకులాటలో చివరగా వచ్చి చేరాయి.

1868లో పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో జాన్ మార్టిన్ షార్కో, బతికుండగా చూసిన లక్షణాలనూ చనిపోయాక మెదడులో, వెన్నుపాములో కనిపించిన గట్టి మచ్చలనూ జతచేసి దీన్ని ప్రత్యేక వ్యాధిగా నిలబెట్టాడు. అప్పటికి రుజువు దొరికేది శవపరీక్షలోనే. 1940లలో ఎల్విన్ కాబట్ రోగుల వెన్నుద్రవంలో గామా గ్లోబ్యులిన్ పెరిగి ఉండడం గమనించాక, బతికున్న మనిషి నుంచే ఆధారం సేకరించే దారి పడింది. 1981లో ఎమ్మారై మచ్చలను తెరమీదికి తెచ్చింది. 2001 నాటి మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు ఆ చిత్రాలకు నిర్ధారణలో పెద్దపీట వేశాయి. అయినా చిక్కు తీరలేదు. చాలా మచ్చలున్న మనిషి చకచకా నడవవచ్చు, కొద్ది మచ్చలున్న మనిషి చక్రాల కుర్చీకి పరిమితం కావచ్చు. ఎక్కడ దెబ్బ తగిలిందో ఎమ్మారై చూపిస్తుంది. ఏ కణం ఎందుకు కొట్టిందో చూపదు.

1993లో రెండు సంగతులు ఒకదానితో ఒకటి పనిలేకుండా జరిగాయి. ఎమ్మెస్‌కు తొలి ఇంటర్‌ఫెరాన్ బీటా మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. అదే ఏడాది విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌ల ప్రయోగశాలలు మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగులో వింత జన్యువు గురించి ప్రకటించాయి. లిన్‌-4 అనే ఆ జన్యువు ప్రొటీన్‌ను తయారుచేయదు. దాన్నుంచి వచ్చేది 22 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ముక్క. అది లిన్‌-14 సందేశానికి అతుక్కుని, దాని నుంచి ప్రొటీన్ తయారు కాకుండా ఆపుతుంది. ఇలాంటి చిన్న ముక్కలనే మైక్రోఆర్‌ఎన్‌ఏలు అంటారు. ఇదంతా పురుగుల ముచ్చటేనని చాలామంది పక్కన పెట్టారు. 2000లో రవ్‌కున్ బృందం లెట్‌-7 అనే మరో ముక్కను కనుగొని, అది మనిషితో సహా ఎన్నో జీవుల్లో ఉందని చూపాక సీను మారింది. ఆంబ్రోస్, రవ్‌కున్‌లిద్దరికీ 2024లో నోబెల్ వచ్చింది.

ఆర్‌ఎన్‌ఏను తునకలు చేసే ఎంజైములు రక్తం నిండా ఉంటాయి. అలాంటి చోట ఈ ముక్కలు చెక్కుచెదరకుండా ఉంటాయని 2008లో పలు బృందాలు చూపడం ఆశ్చర్యం కలిగించింది. ఎక్సోజోములనే సూక్ష్మ సంచుల్లోనో, ఆర్గొనాట్ ప్రొటీన్ అండతోనో, హెచ్‌డీఎల్ కొవ్వు కణాలతోనో అవి తిరుగుతుంటాయని తర్వాత తేలింది.

ఎమ్మెస్ పరిశోధకులు వెంటనే అటు మళ్లారు. 2009లో రోగుల మెదడు మచ్చలను పరీక్షించినప్పుడు మిర్‌-155, మిర్‌-326, మిర్‌-34ఏ అనే మైక్రోఆర్‌ఎన్‌ఏలు ఎక్కువగా కనిపించాయి. కణాల పైన ఉండే సీడీ47 ప్రొటీన్ ‘నన్ను తినొద్దు’ అని భక్షక కణాలకు చెబుతుంది. ఈ మూడూ దాని ఉత్పత్తిని తగ్గిస్తాయి. కాపు పోయిన మైలీన్ భక్షక కణాల నోట పడుతుందన్నది అందులోని సూచన. అదే ఏడాది చైనా బృందం మిర్‌-326 మంటను రేపే టీహెచ్‌-17 కణాలను పెంచుతుందని చూపింది. ఎలుకల్లో దాన్ని అడ్డుకుంటే జబ్బు తీవ్రత తగ్గింది. 2013లో, తిరగబెట్టే ఎమ్మెస్‌నూ క్రమంగా ముదిరే ఎమ్మెస్‌నూ రక్తంలోని మైక్రోఆర్‌ఎన్‌ఏలతో వేరుచేయవచ్చని రూపాలీ గాంధీ తదితరులు ప్రకటించారు. 2018లో జపాన్ పరిశోధకులు మరో మెట్టెక్కారు. రోగుల ఎక్సోజోముల్లోని లెట్‌-7ఐ, రక్షణ వ్యవస్థకు పగ్గం వేసే టి కణాలను ఎదగనివ్వడం లేదని తేల్చారు. అంటే ఈ ముక్క జబ్బు ఆనవాలు మాత్రమే కాదు, జబ్బులో పాత్రధారి కూడా.

ఇంత జరిగినా ఆసుపత్రిలో ఎమ్మెస్‌కు రొటీన్ మైక్రోఆర్‌ఎన్‌ఏ పరీక్ష లేదు. కారణం రక్తం తీసిన గొట్టం దగ్గరే మొదలవుతుంది. సూది సరిగా దిగకపోయినా, గొట్టాన్ని గట్టిగా కుదిపినా, ల్యాబుకు చేరడం ఆలస్యమైనా కొన్ని ఎర్రకణాలు పగులుతాయి. పైన తేలిన పసుపు ద్రవానికి లేత గులాబి ఛాయ వస్తుంది, ఒక్కోసారి కంటికి ఆ తేడా కూడా తెలియదు. ఎర్రకణాల్లో దండిగా ఉండే మిర్‌-451, మిర్‌-16 అందులో కలిసిపోతాయి. ఈ మిర్‌-16నే కొలబద్దగా పెట్టుకున్న అధ్యయనాలు కొన్ని ఉన్నాయి. కొలబద్దే సాగితే కొలత ఏమవుతుంది? ప్లేట్‌లెట్లు వదిలే ముక్కలది ఇదే తంతు. దీనికి తోడు ఒక చోట సీరమ్, ఇంకో చోట ప్లాస్మా. ఒక చోట మందు మొదలుపెట్టని రోగులు, మరో చోట ఏళ్లుగా వాడుతున్నవారు. కొన్ని పదుల మంది మీదే పరీక్షలు. ఒక బృందం జాబితా మరో బృందం జాబితాతో కలవకపోవడంలో వింతేముంది?

ఈలోగా న్యూరోఫిలమెంట్ లైట్ చైన్ అనే ప్రొటీన్ ముందుకు దూసుకుపోయింది. నాడీ తంతువు దెబ్బతిన్నప్పుడు బయటపడే ఈ పదార్థాన్ని ఇప్పుడు రక్తంలోనే కొలవగలుగుతున్నారు. కానీ అది చెప్పేది నష్టం జరుగుతోందని మాత్రమే. ఎమ్మెస్‌లోనైనా, మరో నాడీ వ్యాధిలోనైనా అది పెరుగుతుంది. దాడి చేసిన కణమేదో, మైలీన్ మరమ్మతు ఎందుకు ఆగిందో దాన్నడిగి లాభం లేదు. మైలీన్ తయారుచేసే కణాల ఎదుగుదలకు మిర్‌-219 అవసరమని 2010లో తేలింది. మరమ్మతు గురించి అడగాల్సిన ప్రశ్నలు అలాంటి ముక్కల దగ్గరే ఉన్నాయి.

మొత్తం మీద చూస్తే, ఈ చిన్న ముక్కలు ఎమ్మెస్ అనే జబ్బు గురించి చాలా చెప్పాయి. ఎదురుగా కూర్చున్న రోగి గురించి ఇంకా తక్కువే చెప్పాయి. ఆ లోటు తీరాలంటే మరో కొత్త జాబితా అక్కర్లేదు. పాత జాబితాలోని నాలుగైదు పేర్లను తీసుకుని, ఒకే పద్ధతిలో రక్తం సేకరించి, పగిలిన ఎర్రకణాల నమూనాలను పక్కకు తీసి, వేర్వేరు దేశాల రోగులను ఏళ్ల తరబడి గమనించాలి. అందులో పేరు వచ్చే కొత్త ఆవిష్కరణ ఉండదు, కానీ రోగికి అక్కరకొచ్చే పరీక్ష అక్కడినుంచే రావాలి.