ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో వీధి కుక్కపిల్ల: ఇంటికి తెచ్చుకున్నాక తొలి ఏడాది

శీతాకాలం వచ్చిందంటే ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో క్వార్టర్ల మెట్ల కింద, గోడల వారన, ఎండిన కాలువల్లో కుక్కపిల్లలు కనిపిస్తాయి. బెంగాల్‌లో వీధికుక్కలు ఎక్కువగా ఈ కాలంలోనే ఈనుతాయి. చలికి వణుకుతున్న పిల్లను చూసి జాలిపడి ఎవరో ఒకరు ఇంటికి తెచ్చుకుంటారు. నాలుగు నెలలు గడిచేసరికి ఆ పిల్లే చెప్పులు కొరుకుతుంది, దండెం మీది చీర లాగుతుంది, వచ్చిన చుట్టాల మీదికి ఎగబడుతుంది. ‘ఇది మన వల్ల కాదు’ అన్న మాట చాలా ఇళ్లలో వేసవిలోనే వినిపిస్తుంది. పిల్ల చెడ్డదై అలా చేయదు. దాని వయసులో అతి చలాకీ దశ, ఈ ఊరి అతి కఠినమైన ఋతువు ఒకేసారి వచ్చి పడతాయి. ఆ సంగతి ముందే తెలిసిన ఇంట్లో కుక్క నిలుస్తుంది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో వర్క్‌షాప్ పనులకు, రైలు నడిపే ఉద్యోగాలకు ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన కుటుంబాల వారసులు ఖరగ్‌పూర్‌లో నేటికీ పెద్ద సంఖ్యలో ఉన్నారు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించడంలో ఈ పట్టణపు తెలుగువారి పాత్ర తక్కువేమీ కాదు. మథురాకాటి, నీమ్‌పురా వంటి కాలనీల జీవితానికి కుక్కను పెంచే విషయంలో కొన్ని అనుకూలతలున్నాయి, కొన్ని చిక్కులున్నాయి. ముందూ వెనుకా కొంత ఖాళీ జాగా ఉన్న పాత క్వార్టర్లు అనుకూలమే. షిఫ్టు డ్యూటీలు, బదిలీలు, పదవీ విరమణతో క్వార్టర్ ఖాళీ చేయవలసి రావడం చిక్కులు.

వీధిలో పుట్టిన పిల్లకు బతికే అవకాశం ఎంత అన్నదానికి బెంగాల్‌లోనే జరిగిన ఒక పరిశోధన సమాధానం చెబుతుంది. నదియా జిల్లా మోహన్‌పూర్‌లో ఉన్న ఐసర్ కోల్‌కతా శాస్త్రవేత్తలు 95 ఈతల్లో పుట్టిన 364 పిల్లలను గమనించి 2016లో ఫలితాలు ప్రచురించారు. సంతానోత్పత్తి వయసు దాకా బతికినవి 19 శాతం మాత్రమే. మరణాల్లో 63 శాతం ఏదో ఒక విధంగా మనుషుల వల్ల సంభవించినవే. అదే సంస్థ పరిశోధకులు 2017లో మరొక విషయం వెల్లడించారు. కొత్త మనిషిని వీధికుక్క నమ్మడానికి, దీర్ఘకాలంలో తిండి పెట్టడం కన్నా తల నిమరడమే ఎక్కువ పనిచేస్తుందట. వీధికుక్క తిండికే లొంగుతుందని, జాతికుక్కలా మనిషికి మచ్చిక కాదని అనుకునేవారు ఈ రెండో ఫలితాన్ని గమనించాలి.

పిల్లను ఎత్తుకొచ్చే ముందు తల్లి ఉందో లేదో ఒక పూట ఆగి చూడడం అవసరం. మేతకు వెళ్లిన తల్లి తిరిగి వస్తుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లను తల్లి నుంచి, తోడబుట్టిన వాటి నుంచి వేరుచేయడం మేలు కాదు. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడు అరుస్తాడో పిల్ల నేర్చుకునేది తోటి పిల్లల మధ్య ఆటలోనే. ఆ పాఠం తప్పిన పిల్ల మన చేతుల మీద నేర్చుకుంటుంది. తల్లి నిజంగా లేకపోతే మాట వేరు. అప్పుడు ఆలస్యం లేకుండా పశువైద్యుని సలహాతో పాలపొడి మొదలుపెట్టాలి.

ఇంట్లో ఎవరు బాధ్యత వహిస్తారన్న ప్రశ్న కూడా ఆ పూటే తేలాలి. లోకో పైలట్, గార్డు వంటి రన్నింగ్ సిబ్బంది ఇళ్లలో యజమాని ఏ వేళకు ఇంట్లో ఉంటాడో చెప్పలేం. పిల్లకు తిండి, నిద్ర, బయటికి తీసుకెళ్లే వేళ రోజూ ఒకే తీరున ఉండాలి కనుక, డ్యూటీ చార్టుతో పనిలేని మనిషి ఒకరు ఇంట్లో ఉండి తీరాలి. పరీక్షలకు చదువుకునే పిల్లవాడి ఉత్సాహాన్ని నమ్ముకుని కుక్కను తెచ్చుకోకపోవడమే మంచిది. తెచ్చేది వాడే అయినా పెంచేది వాళ్లమ్మ అవుతుంది.

తెచ్చిన తొలి రెండు వారాలు ఇంట్లోని ఇతర కుక్కలకు దూరంగా ఉంచాలి. పార్వో వ్యాధి సోకి వచ్చిన పిల్ల తొలి రోజుల్లో హుషారుగానే కనిపించవచ్చు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి నిలిచి ఉంటుంది. అందువల్ల అంతకు ముందు కుక్కపిల్ల పార్వోతో చనిపోయిన పెరట్లోకి టీకాలు పూర్తికాని మరో పిల్లను తేకూడదు. నులిపురుగుల మందు మూడు నెలల వయసు వరకు పదిహేను రోజులకోసారి ఇస్తారు. డిస్టెంపర్, పార్వో మొదలైన వాటికి కలిపి ఇచ్చే టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారో వారం దాకా సాగుతుంది. రేబిస్ టీకా మూడో నెల నిండాక వేసి, తర్వాత పశువైద్యుడు చెప్పిన గడువుకు, సాధారణంగా ఏటా, మళ్లీ వేయిస్తారు.

రేబిస్ గురించి ఒక అపోహ ప్రాణాంతకం. ‘చిన్నపిల్ల కదా, పాలపళ్లే కదా’ అని గాటును వదిలేయకూడదు. రేబిస్ సోకిన తల్లి లేదా మరో కుక్క కరిచిన పిల్లకు కూడా ఆ వ్యాధి ఉండవచ్చు. వీధి నుంచి వచ్చిన పిల్ల పన్ను చర్మాన్ని చీల్చినా, గోరు గీరి రక్తం వచ్చినా, గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. కుక్కను పది రోజులు గమనించి చూద్దామని మనిషికి టీకా ఆపకూడదు. ప్రపంచంలోని రేబిస్ మరణాల్లో మూడో వంతుకు పైగా భారతదేశంలోనివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లక్షణాలు బయటపడ్డాక ఈ వ్యాధి నుంచి బతికి బట్టకట్టడం దాదాపు అసాధ్యం.

డిసెంబరులో పుట్టిన పిల్ల ఫిబ్రవరిలో ఇంటికి వచ్చిందనుకుందాం. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం వరకు దాని మెదడు కొత్తవాటిని భయం లేకుండా స్వీకరిస్తుంది. అంటే మార్చి నెలాఖరుకే ఆ తలుపు మూతపడుతుంది. టీకాలు పూర్తయ్యేది ఏప్రిల్‌లో. ఈ నడుమ పిల్లను నేల మీద దించకుండా, చేతుల్లో ఎత్తుకుని గూడ్సు బండి చప్పుడు, ఇంజను కూత, గోల్‌బజార్ రద్దీ, గొడుగు, హెల్మెట్, యూనిఫాం అన్నీ దూరం నుంచి చూపించాలి. రైల్వే కాలనీలో పెరిగే కుక్క రైలు కూతకు బెదిరి పట్టాల వైపు పరుగెత్తకుండా ఉండాలంటే ఈ ఆరు వారాలే కీలకం.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తాయి. 28 పాలపళ్ల స్థానంలో 42 శాశ్వత దంతాలు రావాలి. చిగుళ్లు సలుపుతాయి కనుక పిల్ల దొరికినదల్లా కొరుకుతుంది. సరిగ్గా ఈ నెలల్లోనే ఖరగ్‌పూర్ ఎర్రమట్టి నేల కాగిపోతుంది, ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి, పగలు బయటికి వెళ్లే వీలుండదు. లోపల బంధించిన శక్తి, నొప్పి పెట్టే చిగుళ్లు, ఎండకు విసిగిపోయిన మనుషులు. కుక్కను వదిలించుకోవాలన్న ఆలోచన పుట్టేది ఇక్కడే. జులై వరకు ఓపిక పట్టిన ఇళ్లలో సగం బాధ దానంతటదే తగ్గుతుంది, ఎందుకంటే ఆరో నెల దాటేసరికి పళ్లు వచ్చేస్తాయి.

ఆ మూడు నెలలు గడిచే ఉపాయం పిల్లను పరుగెత్తించి అలసట తెప్పించడం కాదు. ఎదిగే కీళ్లకు సుదీర్ఘమైన పరుగులు మంచివి కావు, ఎండలో అవి ప్రమాదం కూడా. కుక్క శక్తి ఎక్కువగా ఖర్చయ్యేది ముక్కుతో పని చేసినప్పుడు. అన్నం గిన్నెలో పెట్టేసే బదులు, గింజల మేతను పాత గోనె మడతల్లో చల్లి వెతికించవచ్చు. ఉడికించిన కోడిగుడ్డు ముక్కలను వరండాలో మూల మూలనా దాచి పట్టుకోమనవచ్చు. పావుగంట వాసన పట్టిన పిల్ల గంటసేపు నిద్రపోతుంది. తడిపి, మెలిపెట్టి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన పాత తువ్వాలు చిగుళ్లకు హాయినిస్తుంది. అది నమిలి మింగకుండా దగ్గర మనిషి ఉండాలి.

చాలామందికి తెలియని సంగతి మరొకటుంది. కుక్కపిల్ల రోజుకు పద్దెనిమిది గంటల దాకా నిద్రపోవాలి. సాయంత్రం బడి పిల్లలు, డ్యూటీ దిగిన పెద్దలు, పక్కింటివాళ్లు అందరూ ఆడిస్తుంటే దానికి నిద్ర కరువవుతుంది. పసిబిడ్డ నిద్రకు ముందు మారాం చేసినట్టే, నిద్ర చాలని పిల్ల గిరగిరా తిరుగుతూ, కాళ్లు పట్టి పీకుతూ రెచ్చిపోతుంది. అప్పుడు ఇంకా ఆడిస్తే ఇంకా రెచ్చిపోతుంది. నీడగల చల్లని మూలలో పడక వేసి, అక్కడున్నప్పుడు ఎవరూ ముట్టుకోకూడదన్న నియమం పెడితే ఇంట్లో సగం గొడవ సద్దుమణుగుతుంది.

పన్ను చర్మానికి తగిలిన క్షణంలో ఆట ఆగిపోవాలి. లేచి, అర నిమిషం ముఖం తిప్పుకుని నిలబడితే చాలు. మీదికి దూకినప్పుడూ అంతే. నాలుగు కాళ్లు నేల మీద ఉన్నప్పుడే పలకరింపు దొరకాలి. తాతగారు దూకితే ముద్దు చేసి, అమ్మ దూకితే కసిరితే పిల్లకు అర్థమయ్యేది ఏమీ ఉండదు. కొట్టడం, ముక్కు నేలకు రాయడం, రోజంతా గొలుసు వేసి కట్టేయడం వల్ల చలాకీతనం పోదు, భయంగానో మొరటుతనంగానో మారుతుంది. తలుపు తెరిచే ముందు కూర్చోవడం మాత్రం మొదటి వారం నుంచే నేర్పాలి. పట్టాలకు దగ్గరున్న ఇళ్లలో ఆ ఒక్క అలవాటు ప్రాణం కాపాడుతుంది. బయట ఎప్పుడూ ఛాతీ పట్టీ, తాడు ఉండాలి.

వేసవి నడక తెల్లవారుజామునే, లేదా పొద్దుగూకి నేల చల్లారాక. అరచేతి వెనుక భాగాన్ని సిమెంటు నేలపై ఐదారు సెకన్లు ఆన్చలేకపోతే పిల్ల పాదాలూ తట్టుకోలేవు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పి చల్లబరుచుకుంటుంది. చిక్కని చొంగ, తూలుడు, వాంతి, ఎర్రబారిన చిగుళ్లు కనిపిస్తే వడదెబ్బగా భావించి, మామూలు నీళ్లతో తడిపి, గాలి విసురుతూ పశువైద్యశాలకు తీసుకెళ్లాలి.

తిండి విషయంలో మన వంటింటి ప్రమాదం ఉల్లి, వెల్లుల్లి. పులుసు, రసం కలిపిన అన్నం మిగిలిందని పెట్టడం అలవాటుగా జరిగే తప్పు. ఉల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తుంది. పాయసంలోని ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉడికించిన కోడి ఎముకలు కూడా నిషిద్ధమే.

వానాకాలంలో గోమార్లు పట్టి జ్వరం తెస్తాయి, నిలవ నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది. శరదృతువు వచ్చేసరికి పిల్లకు పది నెలలు. దుర్గాపూజ డప్పులు, కాళీపూజ బాణసంచా దానికి మొదటి అనుభవం. ఆ రాత్రులు కిటికీలు మూసిన లోపలి గదిలో, ఫ్యాను చప్పుడు మధ్య, తోడుగా ఒక మనిషితో ఉంచాలి. బెదిరిన కుక్క గోడ దూకి తప్పిపోయేది ఆ రాత్రుల్లోనే. మెడపట్టీకి ఫోను నంబరు రాసిన బిళ్ల ఉండాలి. ఆరు నెలలు దాటాక సంతాన నిరోధక శస్త్రచికిత్స ఎప్పుడు చేయించాలో పశువైద్యుడు చెబుతాడు. ఆడపిల్ల అయితే ఈ విషయంలో జాప్యం వద్దు.

చట్టం మాట. 2023 మార్చిలో నోటిఫై అయిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం, వీధికుక్కలకు శస్త్రచికిత్స, టీకాలు చేయించే బాధ్యత స్థానిక సంస్థలది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు, దత్తత కోరేవారు పురపాలక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చని, దత్తత ఇచ్చిన కుక్క తిరిగి వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వారిదేనని పేర్కొంది. అదే ఏడాది నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లతో పాటు రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి కూడా వీధికుక్కలను తరలించాలని, తిరిగి అక్కడే వదలరాదని ఆదేశించింది. రైలు స్టేషనే గుండెకాయగా బతికే ఖరగ్‌పూర్‌లో దీని అర్థం తేలికగానే తెలుస్తుంది. ప్లాట్‌ఫారం దగ్గర ‘ఎలాగో బతుకుతుంది’ అని వదిలేసిన కుక్కకు అక్కడ చోటు లేదు. పెంచిన జంతువును ఆకలిదప్పులకు గురయ్యేలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ కింద నేరం. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ అంకె చూసి నేరం చిన్నదని అనుకోరాదు, చట్టం పాతదని మాత్రమే దాని అర్థం.

బదిలీ అయినా, ఉద్యోగ విరమణ చేసి శ్రీకాకుళం, విజయనగరం వైపు సొంత ఊరికి మళ్లినా, కుక్క కూడా అదే రైల్లో రావచ్చు. మొదటి తరగతి ఏసీలో రెండు లేదా నాలుగు బెర్తుల గది మొత్తాన్ని తమ పేర తీసుకున్నవారు కుక్కను వెంట ఉంచుకోవచ్చు. మిగతావారు బ్రేక్ వ్యానులోని కుక్కల పెట్టెలో పంపాలి. రెండింటికీ స్టేషన్ పార్శిల్ కార్యాలయంలో ముందుగా రుసుము చెల్లించి, టీకాల ధ్రువపత్రం చూపాలి. ఆ పెట్టె ఇరుకు, చీకటి. అందువల్ల వేసవి పగటి బండి కాకుండా రాత్రి బండి ఎంచుకోవాలి. ప్రయాణానికి నెల ముందు నుంచి కుక్కను ఇంట్లో ఒక పెట్టెలో పడుకోబెట్టి అలవాటు చేయాలి. ఆ రోజు కడుపునిండా తిండి పెట్టకుండా, పెద్ద స్టేషన్లలో దిగి నీళ్లు పట్టాలి.