ఒట్టావా పాత స్టేషన్‌లో వంటింటి ఒప్పందం

కెనడా పార్లమెంటుకు కూతవేటు దూరంలో గ్రాండ్ ట్రంక్ రైల్వే నిర్మించిన ఒట్టావా యూనియన్ స్టేషన్ 1912లో ప్రారంభమైంది. ప్రాచీన రోమన్ స్నానశాలలను తలపించే ఎత్తైన పైకప్పు, బారులు తీరిన స్తంభాలు దాని వెయిటింగ్ హాలుకు రాచఠీవి తెచ్చాయి. 1966లో రైళ్లు కొత్త స్టేషన్‌కు తరలిపోయాయి. పట్టాలు తొలగించిన చోట రోడ్డు వచ్చింది. కూల్చివేత ముప్పు తప్పించుకున్న భవనం ప్రభుత్వ సమావేశ కేంద్రంగా మారింది. ఇటువంటి మార్పును సాధారణంగా వారసత్వ పరిరక్షణ అని మెచ్చుకుని ఊరుకుంటారు. ఇక్కడ అది చాలదు. కెనడా సమాఖ్యకు నేటికీ మానని గాయం తగిలింది ఈ కప్పు కిందనే.

భారతదేశం 1949లోనే సొంత రాజ్యాంగాన్ని ఆమోదించుకుంది. కెనడా మాత్రం తన మౌలిక శాసనంలో ముఖ్యమైన సవరణలకు 1981లో కూడా బ్రిటిష్ పార్లమెంటును ఆశ్రయించవలసిన స్థితిలోనే ఉంది. ఆ అధికారాన్ని స్వదేశానికి తేవాలన్న ప్రధాని పియర్ ట్రూడో ప్రయత్నాన్ని పదింట ఎనిమిది ప్రావిన్సులు ప్రతిఘటించాయి. ప్రావిన్సుల గణనీయమైన సమ్మతి లేకుండా ముందుకు సాగడం చట్టవిరుద్ధం కాదు గాని రాజ్యాంగ సంప్రదాయానికి విరుద్ధమని సుప్రీంకోర్టు సెప్టెంబరులో తేల్చింది. ఇక బేరానికి కూర్చోక తప్పలేదు. నవంబరు 2న ప్రధాని, పదిమంది ప్రీమియర్లు పాత స్టేషన్‌లో సమావేశమయ్యారు.

చిక్కుముడి విడింది పెద్ద బల్ల దగ్గర కాదు. 4వ తేదీన ఆ భవనంలోనే, వాడుకలో లేని ఒక చిన్న వంటగదిలో కేంద్ర న్యాయమంత్రి జాన్ క్రెటియెన్, సస్కాచెవాన్, అంటారియోల అటార్నీ జనరళ్లు రాయ్ రోమనో, రాయ్ మెక్‌మర్ట్రీ రాజీ సూత్రాన్ని కాగితం మీద పెట్టారు. ప్రావిన్సులు హక్కుల పత్రాన్ని అంగీకరించాలి. అందులో కొన్ని హక్కులను చట్టం ద్వారా పక్కన పెట్టే వెసులుబాటు శాసనసభలకు దక్కాలి. రాత్రికి రాత్రే మిగతా ప్రావిన్సులు తలూపాయి. నది అవతల హల్‌లో బస చేసిన క్యుబెక్ ప్రీమియర్ రెనే లెవెక్‌కు సంగతి తెల్లవారాకే తెలిసింది.

ట్రూడో విసిరిన ప్రజాభిప్రాయ సేకరణ ప్రతిపాదనకు ఆ రోజే మొగ్గుచూపి, ఎనిమిది ప్రావిన్సుల కూటమిని బీటలు వారించింది లెవెకే అనే వాదన ఉంది. అందులో నిజం లేకపోలేదు. అయినా కూటమి చెదరడం వేరు, ఒక భాషాజాతి ప్రతినిధిని నిద్రపోనిచ్చి ఒప్పందం ముగించడం వేరు.

1982 ఏప్రిల్ 17న ఎలిజబెత్ రాణి కొత్త రాజ్యాంగ ప్రకటనపై ఒట్టావాలో సంతకం చేశారు. క్యుబెక్‌కు వీటో హక్కు లేదని సుప్రీంకోర్టు డిసెంబరులో చెప్పింది. రాజ్యాంగం క్యుబెక్‌కూ వర్తిస్తోంది. ఆ శాసనసభ లాంఛనంగా సమ్మతించింది మాత్రం లేదు. పార్లమెంటు ప్రధాన భవనానికి మరమ్మతులు మొదలవడంతో 2019 నుంచి సెనేట్ ఈ పాత స్టేషన్‌లోనే కొలువుదీరుతోంది. దాని 105 స్థానాల్లో 24 క్యుబెక్‌వి.