అనుమానం, అప్పగింత: నెల్లూరు తీరంలో యానాదుల బతుకు

నెల్లూరు తీరగ్రామాల్లో రొయ్యల చెరువు గట్టు మీద కాపలా గుడిసె కనిపిస్తే, అందులో ఉన్నది యానాది కుటుంబం కావడానికే అవకాశం ఎక్కువ. మేత బస్తాలు, ఏరియేటర్లు, డీజిల్ ఇంజన్, పట్టుబడికి సిద్ధమైన పంట, అన్నీ ఆ కుటుంబం చేతిలోనే పెట్టి యజమాని ఊళ్లో నిద్రపోతాడు. ఊళ్లో ఏదైనా పోతే మాత్రం అనుమానం మొదట అదే కుటుంబం మీదికి పోతుంది. నమ్మకం, అనుమానం రెండూ ఒకే మనిషి మీద ఎలా నిలుస్తున్నాయన్నదే ఈ వ్యాసం ప్రశ్న. ఇది నోటిమాటల్లో బతికే దురభిప్రాయం మాత్రమేనా, లేక దాని వెనుక చట్టం, కూలి, భూమి కూడా ఉన్నాయా?

2011 జనగణన నాటికి అప్పటి ఉమ్మడి నెల్లూరు జిల్లా జనాభాలో షెడ్యూల్డు తెగలవారు సుమారు పదో వంతు. వారిలో అత్యధికులు యానాదులే. వీరి గురించిన పాత రాతలు చాలానే ఉన్నాయి, కానీ వాటిని కొంచెం జాగ్రత్తగా చదవాలి. 1909లో ఏడు సంపుటాలుగా వెలువడిన థర్‌స్టన్ గ్రంథం యానాదుల్లో రెడ్డి యానాది, చల్లా యానాది, అడవి యానాది వంటి తెగలను చెబుతుంది. రెడ్ల ఇళ్లలో పనిచేసేవారు ఒక మెట్టు పైన, ఎంగిలి మీద బతికేవారని పేరుపడినవారు కింద. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఈ విభజనలో కొంత భాగం వంశాన్ని బట్టి కాక, ఎవరి వాకిట్లో పనిచేస్తారన్న దాన్ని బట్టి వచ్చింది. అంటే తెగలోపలి హెచ్చుతగ్గులకు కూడా బయటి పెత్తనమే కొలబద్ద అయింది. ఈ గ్రంథంలో యానాది ఇళ్లకు, పొలాలకు కాపలాదారుగానూ కనిపిస్తాడు, చిల్లర దొంగగానూ కనిపిస్తాడు. ఆ రెండు వర్ణనలూ పక్కపక్కనే ఉండడం రాసినవారికి ఇబ్బందిగా తోచినట్టు లేదు.

శ్రీహరికోట చరిత్ర దీనికి మరో కోణం చూపిస్తుంది. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న ఈ దీవిని 1835లో కుంపిణీ ప్రభుత్వం తన కిందికి తెచ్చుకుంది. అక్కడి యానాదులు అడవిలో తేనె, కుంకుడుకాయలు, అద్దకానికి ఎర్రరంగునిచ్చే చిరివేరు సేకరించి అప్పగించేవారు. బదులుగా బియ్యం, కొద్దిపాటి డబ్బు దొరికేవి. సరుకు ఎవరికి అమ్మాలో, ఎంతకు అమ్మాలో సేకరించినవారు నిర్ణయించుకునే వీలు లేదు. దీన్ని ఆనాటి అధికారులు సంరక్షణగా రాసుకున్నారు. నాకు మాత్రం ఇది కొనేవాడు ఒక్కడే ఉన్న సంతలా కనిపిస్తుంది.

1911 నాటి నేరస్థ తెగల చట్టం యానాదిని అనుమానంతో చూసే అలవాటుకు ముద్ర వేసింది. ఒక తెగను ప్రకటిస్తే చాలు, అందులోని మనిషి ఏ తప్పూ చేయకుండానే వేలిముద్రలివ్వాలి, పోలీసులకు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చెప్పాలి. నమోదైనవాడు దొంగతనానికి సిద్ధపడుతున్నాడని కోర్టుకు తోచే పరిస్థితిలో దొరికితే మూడేళ్ల దాకా జైలు. నెల్లూరు ప్రాంత యానాదుల్లోనూ ఈ చట్టం కిందికి వచ్చినవారున్నారు. ఇదే జిల్లాలో, రైలు దారి మీదున్న కావలిలో, నమోదైన తెగలను ఉంచేందుకు అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన సెటిల్‌మెంటులో ఎక్కువగా ఎరుకలవారిని ఉంచారు. నేరం చేసినవాణ్ణి కాకుండా పుట్టినవాణ్ణి నమోదు చేసే పద్ధతి అది. దానికి వ్యతిరేకంగా యానాదులను సంఘటితపరిచినవారిలో ముందు చెప్పుకోవలసింది నెల్లూరు న్యాయవాది వెన్నెలకంటి రాఘవయ్యను. తర్వాత ఆయన యానాదులపై 1962లో ఒక గ్రంథం కూడా రాశారు. మద్రాసు రాష్ట్రం ఆ చట్టాన్ని 1947లో తీసేసింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. అయితే 1948లోనే మద్రాసులో అలవాటు నేరస్థుల పేరుతో మరో చట్టం వచ్చింది. కొత్త చట్టం తెగను కాక వ్యక్తిని చూస్తుందన్నది కాగితం మీద నిజమే. హాజరు పుస్తకానికి అలవాటుపడిన స్టేషను చూపు అదే వేగంతో మారిందని నమ్మడం కష్టం.

ఈ చూపుకు ఎదురుగా యానాదుల పని నైపుణ్యాన్ని పెట్టి చూడాలి. పెన్నా డెల్టాలో వరి కోతల కాలంలో పొలం గట్లలో ఎలుకల బొరియలు పట్టడం వారి పని. కుండకు చిన్న బెజ్జం చేసి, లోపల గడ్డి కూరి నిప్పుపెట్టి, కుండ మూతిని బొరియ నోటికి ఆనించి, బెజ్జంలోంచి నోటితో ఊదుతారు. పొగ లోపలికి పాకుతుంది. మిగతా కన్నాలు మట్టితో మూసేసి, ఊపిరాడక కదిలే ఎలుకను తవ్వి తీస్తారు. బొరియలో ఎలుక దాచుకున్న వడ్ల కంకులు కూడా వారికే. రైతుకు పంట దక్కుతుంది, యానాదికి కూర, గింజ దక్కుతాయి. గట్టు ఎక్కడ బోలుగా ఉందో అడుగు వేసి చెప్పగలిగే ఈ విద్యకు కూలిరేట్లలో చోటు లేదు. ఇదే మనిషి రాత్రిపూట పొలాల్లో తిరిగితే మాత్రం నిన్నమొన్నటిదాకా దాన్ని నేర లక్షణంగా లెక్కగట్టారు.

భూమి సంగతికి వస్తే, ఏజెన్సీల్లో గిరిజనుల భూములకు రక్షణగా 1959 భూబదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో చేసిన సవరణ, అంటే మనం 1/70 అని పిలుచుకునేది, ఉన్నాయి. నెల్లూరు జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతం లేదు. కాబట్టి ఆ కవచం యానాదులకు వర్తించదు. 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు, 1971 అక్టోబరులో మొదటి రాకెట్ లేచింది. అడవిని నమ్ముకున్న కుటుంబాలు కదలవలసి వచ్చింది. తరువాతి ఇరవై ఏళ్లలో తీరం పొడవునా ఉప్పునేలలు, కాలువ గట్లు రొయ్యల చెరువులయ్యాయి. 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో ఈ చెరువుల తవ్వకాన్ని నిషేధించింది. 2005లో వచ్చిన తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం నమోదు చేసుకున్న చెరువులకు మళ్లీ దారి చూపింది. ఈ మొత్తంలో యానాదికి మిగిలింది పీతలు ఏరుకునే నేల కాదు, ఆ నేల మీద లేచిన చెరువుకు కాపలా.

కాపలా పని చాలాచోట్ల అడ్వాన్సుతో మొదలవుతుంది. పెళ్లికో జబ్బుకో తీసుకున్న కొన్ని వేలు జీతంలో కోస్తూ పోతారు, లెక్క యజమాని పుస్తకంలోనే ఉంటుంది. బాతులు మేపే పనిలోనూ ఇదే తీరు. నెల్లూరు జిల్లా అధికారులు యానాది కుటుంబాలను వెట్టి నుంచి విడిపించిన ఘటనలు పలుమార్లు నమోదయ్యాయి. అలాగని ప్రతి అడ్వాన్సూ వెట్టి అనలేం. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం అప్పుకు బదులుగా మనిషి కదిలే స్వేచ్ఛ, వేరే పని చూసుకునే స్వేచ్ఛ, కనీస వేతనం వంటివాటిలో ఏదైనా పోయిందా అన్నది తేలాలి.

యానాదులు ఒకచోట నిలవరు, రేపటి సంగతి ఆలోచించరు, అందుకే వెనకబడ్డారన్న వివరణ ఇప్పటికీ వినపడుతుంది. ఈ వాదనను కొట్టిపారేయకుండా పరీక్షించవచ్చు. నిలకడలేనివారైతే ఏళ్ల తరబడి ఒకే చెరువు గట్టు మీద ఎలా ఉంటున్నారు? నిలకడగా ఉన్నచోటే అప్పు పెరుగుతున్నప్పుడు, కారణాన్ని స్వభావంలో కాక ఒప్పందంలో వెతకడం సబబు. నమ్మకం, అనుమానం ఒకదాన్నొకటి కాదనకపోవడానికీ జవాబు ఇక్కడే దొరుకుతుందని నా అంచనా. అనుమానం ఉన్నవాడు గట్టిగా జీతం అడగలేడు, పని మానేసి పోతే దొంగిలించి పోయాడనే మాట వెంట వస్తుందని అతనికి తెలుసు. అంత చవగ్గా, అంత కట్టుబడి ఉండే కాపలాదారు యజమానికి వేరే దొరకడు.

న్యాయస్థానం ఈ తూకాన్ని ఒకసారి తిప్పింది. 1983 డిసెంబరులో బంధువా ముక్తి మోర్చా కేసులో, బలవంతపు చాకిరీ కనిపిస్తే అది అప్పు కిందే జరుగుతోందని భావించాలి, కాదని చూపే భారం యజమానిదేనని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ 2016లో సవరించిన కేంద్ర పునరావాస పథకంలో, విడుదలైన పురుషుడికి లక్ష రూపాయలు, స్త్రీలకూ పిల్లలకూ రెండు లక్షలు అన్న పూర్తి మొత్తాన్ని యజమానిపై నేరం రుజువు కావడంతో ముడిపెట్టారు. తక్షణ సాయంగా మొదట ఇచ్చినది ఇరవై వేలు. కేసు తేలేదాకా ఆ కుటుంబం బతకవలసింది మళ్లీ ఏదో ఒక చెరువు గట్టు మీదే.